తువ్వాలు తీసేసిన కారు

పోయిన రోజున ప్రసాద్ కారు తనే నడుపుకుంటూ నూజివీడు వెళ్ళాడు. గుండెల్లో మంటగా ఉంది, గ్యాస్ అయివుంటుంది, డాక్టరుకి చూపించుకుని అటే పురుగుమందు కూడా తెచ్చుకుంటానని శిరీషతో చెప్పి బయల్దేరాడు. ఆసుపత్రి ముందు కారుని గోడ వారగా, ఎవరికీ అడ్డం రాకుండా పెట్టాడు. తలుపులు లాక్ చేశాడు. లోపలికి వెళ్ళి పేరు చెప్పి కుర్చీలో కూర్చున్నాడు. పేరు పిలిచినప్పుడు లేవలేదు.

అది డిసెంబరు. కారుని ప్రసాద్ చిన్నాన్న కొడుకు వినోద్ ఇంటికి తెచ్చి, తోటలో షెడ్డు పక్కనున్న మామిడిచెట్టు కింద వదిలిపెట్టాడు. ఆ తర్వాత దాని జోలికి ఎవరూ వెళ్ళలేదు.

చాట్రాయికి ఇవతల, రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉంటుంది వాళ్ళ ఇల్లు. ఇంటి చుట్టూ తోటే. ఇంట్లో ఇప్పుడు ఇద్దరే మిగిలారు, శిరీష, ఆమె అత్తగారు బసవమ్మ. శిరీషకి పిల్లల్లేరు. అత్తాకోడళ్ళు ఇరవై ఏళ్ళుగా ఒకే కప్పు కింద ఉన్నారు. పోట్లాడుకున్నవాళ్ళు కాదు, అలాగని కబుర్లు చెప్పుకున్నవాళ్ళూ కాదు. ఒకరికొకరు చెప్పాల్సింది ఏదైనా ఉంటే ప్రసాద్‌కి చెప్పేవారు. "మీ ఆవిడని అడుగు, పెళ్ళికి వస్తుందేమో," అనేది బసవమ్మ. "అత్తయ్యగారు మాత్రలు వేసుకున్నారేమో కనుక్కోండి," అనేది శిరీష. ఇప్పుడు ఆ మనిషి లేడు. మాటలు అవసరం మేరకే మిగిలాయి. అన్నం పెట్టనా, గేటు వేశారా, నీళ్ళు ఆగిపోయాయా.

శిరీష ఏడవలేదు. వచ్చినవాళ్ళు దాన్ని గమనించారు. ఒకరిద్దరు ఆమెని దగ్గరికి తీసుకుని, ఏడువు తల్లీ, తేలికపడుతుంది అన్నారు. ఆమె తల ఊపింది. ఏడవకూడదని ఆమె అనుకోలేదు. పన్ను పీకేముందు సూది వేస్తే చెంప మొద్దుబారిపోతుందే, ముట్టుకుంటే ఎవరిదో చెంపలా ఉంటుందే, అలా ఉంది ఆమెకి, ఒంటి నిండా. పొద్దున లేస్తోంది, పాలు కాస్తోంది, పనివాళ్ళకి పని చెబుతోంది. రాత్రయితే పడుకుంటోంది. కూరలో ఉప్పు వేయడం మర్చిపోయినా ఇద్దరిలో ఎవరికీ తెలియడం లేదు.

జనవరిలో పూత వచ్చింది. పూతతో పాటు తేనెమంచు పురుగు వచ్చింది. ప్రసాద్ ఉంటే వేళకి మందు కొట్టించేవాడు. ఈసారి ఆలస్యమైంది. పురుగు విడిచే తీపి బంక చెట్ల మీంచి సన్నటి తుంపరలా రాలుతూనే ఉంది. ఆకులు నల్లబడ్డాయి. చెట్టు కింద కారు కూడా నల్లబడింది. దాని మీద రాలిన పూత రాలినట్టే అతుక్కుపోయింది.

మార్చి చివర్లో బసవమ్మకి కంటి ఆపరేషను కుదిరింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయి ఉన్నాయి. ముందు కుడికన్ను చేస్తామన్నారు. ఆపరేషను తర్వాత దుమ్ము పడకూడదు, ఆటోల్లో తిప్పకండి అని డాక్టరు గట్టిగా చెప్పాడు. అప్పుడు గుర్తొచ్చింది కారు.

శిరీషకి లైసెన్సు ఉంది. పెళ్ళైన కొత్తలో ప్రసాదే నేర్పించాడు. కానీ అతను పక్కనుండగా నడపాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఆమె సీతమ్మని పిలిచింది. సీతమ్మ, ఆమె మొగుడు పోతురాజు ఆ తోటలోనే చాలాకాలంగా పనిచేస్తున్నారు. ఇద్దరూ కలిసి బకెట్లతో నీళ్ళు పోసి, సబ్బునురగతో రుద్ది, కారు పైనున్న నలుపంతా వదలగొట్టారు. లోపల తెల్లని రంగు బయటపడింది.

తర్వాత శిరీష తలుపు తీసింది. డాష్‌బోర్డు మీద పాత టర్కీ తువ్వాలు పరిచి ఉంది. ప్రసాద్ ఎప్పుడూ దాన్ని అలాగే ఉంచేవాడు. చుట్టాలొచ్చినప్పుడు కూడా తీసేవాడు కాదు. స్నానాల గదిలో ఉండాల్సినది కారులో ఏంటండీ అని ఆమె చాలాసార్లు విసుక్కుంది. నీకు తెలీదులే అనేవాడు అతను, నవ్వేసి ఊరుకునేవాడు.

ఆమె తువ్వాలు పట్టుకుని లాగింది. రాలేదు. గట్టిగా లాగితే చిరుగుతున్న చప్పుడు చేస్తూ వచ్చింది. దాని నూలు పోగులు డాష్‌బోర్డుకి అంటుకుని ఉండిపోయాయి. వేలు పెట్టి చూసింది. మెత్తగా లోపలికి దిగింది. తీస్తే సన్నటి తీగలు సాగాయి.

"తేనెమంచు లోపలికి కూడా దిగిందండమ్మగారూ," అంది సీతమ్మ.

శిరీష కూడా అదే అనుకుంది. తువ్వాలు సీతమ్మ చేతికిచ్చి, పనికొస్తే తీసుకెళ్ళమంది. కొబ్బరిపీచు తెప్పించి సబ్బునీళ్ళతో డాష్‌బోర్డు రుద్దడం మొదలుపెట్టింది. పోగులు వదిలాయి. తుడిస్తే శుభ్రంగా కనిపించింది. మర్నాడు పొద్దెక్కేసరికి మళ్ళీ బంక.

మళ్ళీ కడిగింది. మళ్ళీ వచ్చింది.

వారం పాటు అదే ఆమె పని అయింది. పొద్దున టిఫిను ముగించుకుని కారు దగ్గరికి వెళ్ళేది. ఒకరు పౌడరు చల్లమన్నారు. చల్లితే బూడిదరంగు ముద్దలు కట్టింది. ఒకరు నిమ్మకాయ అన్నారు. ఫోనులో చూపించిన షాంపూ పెట్టింది. చివరికి వినోద్ చెబితే గుడ్డ మీద పెట్రోలు పోసి తుడిచింది. పైపొర కరిగి గుడ్డకి తారులా అంటుకుంది. అడుగున మిగిలింది మాత్రం తళతళలాడింది. మొదటిసారి వేలికి ఏమీ అంటలేదు. ఆమె దాన్ని చాలాసేపు చూస్తూ కూర్చుంది. సంతోషమేమీ కలగలేదు. రేపటికి పని లేదే అనిపించింది.

పనివాళ్ళలో కొందరు, అయ్యగారి జ్ఞాపకం కదా, అందుకే ఆ కారుని వదలడం లేదు అనుకున్నారు. అదేమీ కాదు. ఆ కారు ఆమెని ఏమీ అడగడం లేదు. అంతే.

ఆపరేషను బాగానే జరిగింది. కట్టు విప్పించడానికి తీసుకెళ్ళిన రోజు బసవమ్మ మొదటిసారి ముందు సీట్లో కూర్చుంది. అంతవరకూ ఆమె చోటు వెనకే. వెళ్ళేటప్పుడు పొద్దున చల్లగా ఉంది, ఏ ఇబ్బందీ రాలేదు. డాక్టరు కన్ను చూసి, నల్లద్దాలు ఇచ్చి, పంపేసరికి మధ్యాహ్నమైంది.

ఎండ తలమీద ఉంది. ఊరు దాటగానే శిరీషకి రోడ్డు సరిగ్గా కనిపించడం మానేసింది. డాష్‌బోర్డు మీద పడిన ఎండ ముందు అద్దంలోకి ఎగిరి, ఆ డాష్‌బోర్డే అద్దం నిండా కనిపిస్తోంది. గాలి వచ్చే జాలీలు, వాటి మధ్య గీతలు, అన్నీ రోడ్డు మీద తేలుతున్నట్టున్నాయి. వాటి వెనక ఎక్కడో తోటలు, కరెంటు స్తంభాలు పోతున్నాయి. ఆమె ముందుకి వంగి నడిపింది. ఆగుదామని అనిపించలేదు. కనబడకపోవడం కూడా ఆమెకి వింతగా అనిపించలేదు. నాలుగు నెలలుగా అంతా అలాగే కనబడుతోంది.

మలుపు దగ్గర ఎదురుగా ఏదో ఎర్రగా కదిలింది. బ్రేకు తొక్కింది. కారు ముందుభాగం దేనికో తగిలింది. పెద్ద చప్పుడేమీ రాలేదు. మోపెడ్ మీద వెళ్తున్న మనిషి ఒక పక్కకి పడ్డాడు. వెనక కట్టుకున్న ఎర్ర ప్లాస్టిక్ ట్రేలు బోర్లాపడి మామిడికాయలు రోడ్డంతా దొర్లాయి.

శిరీష స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చుంది. పడ్డాడు, అనుకుంది. టీవీలో చూస్తున్నట్టుగా ఉంది. దిగాలని తెలుస్తోంది. కాళ్ళు కదలడం లేదు.

దిగింది బసవమ్మ. నల్లద్దాలు సర్దుకుంటూ, కారు తలుపు పట్టుకుని దిగి, ఆ మనిషి దగ్గరికి వెళ్ళింది.

"దెబ్బ తగిలిందా నాయనా?"

"మోచెయ్యి గీసుకుందండమ్మా. ఇంకేం లేదు." అతను లేచి నిలబడి కాలు విదిలించి చూసుకున్నాడు. యాభై ఏళ్ళుంటాయి. "చూసుకుని నడపాలి కదమ్మా. లారీ కిందైతే పోయుండేవాణ్ణి."

"తప్పే. మాదే తప్పు. ఆసుపత్రికి పోదాం, ఎక్కు."

"వద్దులెండి."

అప్పటికి శిరీష దిగింది. ఎండ ముఖాన కొట్టింది. అతని మోచేతి మీద ఎర్రటి గీత, దానిలో ఇసుక. ఆమె కారులోంచి నీళ్ళ సీసా తెచ్చి ఆ చెయ్యి కడిగింది. అతను ఓర్చుకుంటూ ముఖం పక్కకి తిప్పుకున్నాడు. పేరు హనుమయ్య అని, కాయలు కొనే షెడ్డుకి కాయ వేయడానికి పోతున్నానని చెప్పాడు. ఆమె క్షమించమని అడగాలనుకుంది. నోటికి వచ్చింది వేరే మాట.

"కనపడలేదండీ," అంది.

ముగ్గురూ కాయలు ఏరారు. బసవమ్మ వంగకూడదని డాక్టరు చెప్పాడు. ఆమె రోడ్డు పక్కన నిలబడి, అదిగో అక్కడొకటి, తుమ్మచెట్టు మొదట్లో ఒకటి అని చూపించింది. కట్టు విప్పిన కంటితో ఆమె అంత దూరం చూడటం చాలా ఏళ్ళకి అదే మొదలు.

"దెబ్బ తగిలిన కాయ షెడ్డువాళ్ళు తీసుకోరమ్మా," అన్నాడు హనుమయ్య.

"మేం తీసుకుంటాంలే," అంది బసవమ్మ. శిరీష పర్సు తీసి అతను అడిగింది ఇచ్చింది. చితికినవీ పగిలినవీ వెనక సీటు మీద పోశారు. అతను మోపెడ్ స్టార్టు చేసి చూసుకుని, వెళ్ళేముందు కారు లోపలికి తొంగిచూశాడు.

"అంత మెరుస్తుంటే ఎట్లా కనపడుతుందండీ," అని, సమాధానం కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.

కారెక్కాక బసవమ్మ తన అరచేతులు చూసుకుంది. బ్రేకు పడ్డప్పుడు ఆమె రెండు చేతులూ డాష్‌బోర్డుకి ఆనించి ఆపుకుంది. ఎండకి మెత్తబడ్డ దానిలో రెండు చేతుల అచ్చులూ పడ్డాయి. చేతులకి నల్లటి బంక పట్టింది.

"వాడు తువ్వాలు వేసేవాడు కదా ఇక్కడ," అంది ఆమె. "ఏమైంది?"

"తీసేశానండీ."

"ఎండ అద్దంలో కొట్టకుండా వేసేవాడు. వెనక కూర్చుని అడిగాను ఒకసారి, ఎందుకురా అని. తీసి చూపించాడు, చూడమ్మా ఇట్లా ఉంటుందని."

ఈ సంగతి ప్రసాద్ శిరీషకి చెప్పలేదు. తను ఎప్పుడూ ఎందుకు అని అడగలేదు, తీసెయ్యమనే చెప్పింది. బసవమ్మ సంచిలోంచి ఆసుపత్రికని తెచ్చుకున్న దుప్పటి తీసి, మడత విప్పి, డాష్‌బోర్డు మీద పరిచింది. ముందు అద్దంలో రోడ్డు కనబడింది. తారు, గతుకులు, దూరంగా వస్తున్న బస్సు. శిరీష బండి నెమ్మదిగా కదిలించింది.

ఇంటికొచ్చాక బసవమ్మ సబ్బుతో చేతులు కడుక్కుంది. బంక వదల్లేదు. రెండోసారి కడిగినా వేళ్ళు ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. కంటికి మందు వేసుకోవాలి, ఆ చేతులతో కుదరదు. శిరీష గిన్నెలో కొబ్బరినూనె తీసుకుని వరండాలో ఆమె ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఇటివ్వండి."

బసవమ్మ చేతులు చాపింది. శిరీష నూనె రాసి, పాత గుడ్డతో ఒక్కో వేలూ తుడవడం మొదలుపెట్టింది. ముసలి చేతులు, కణుపుల దగ్గర లావుగా ఉన్నాయి. ఎడమచేతి చూపుడువేలు ప్రసాద్ వేలులాగే కొస దగ్గర కొంచెం వంకర. ఇన్నేళ్ళలో ఆ చెయ్యి పట్టుకున్న గుర్తు శిరీషకి లేదు. కాళ్ళకి దండం పెట్టింది, గ్లాసు అందించింది, మాత్రలు చేతిలో వేసింది. పట్టుకోలేదు.

"నీతో ఏమన్నాడు ఆ రోజు?" అని అడిగింది బసవమ్మ.

"గ్యాస్ అన్నారండీ."

"నాతో అదీ చెప్పలేదు. గేటు దగ్గర కనబడి, ఊరెళ్ళొస్తానమ్మా అన్నాడు. అంతే."

శిరీష బొటనవేలి గోరు చుట్టూ ఉన్న నలుపు తుడిచింది.

"నువ్వు కూడా వెళ్ళుండాల్సింది అనుకున్నాను," అంది బసవమ్మ. "ఆ నెలంతా అదే అనుకున్నాను. పక్కనుంటే వీడికేమయ్యేది కాదు కదా అని."

"నేనూ అనుకున్నానండీ."

"ఇవాళ నేను నీ పక్కనే ఉన్నాను. అయినా ఆ మనిషి పడ్డాడు. పక్కనుంటే మాత్రం ఏమవుతుంది."

తోటలో పోతురాజు ఎవరినో కేకేస్తున్నాడు. శిరీష రెండో చెయ్యి తీసుకుంది. నూనె కారి ఆమె మోకాలి మీద చీర తడిసింది. చెయ్యి శుభ్రమయ్యాక కూడా ఇంకాసేపు తుడుస్తూనే ఉంది. బసవమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఆ రాత్రి పడుకున్నాక శిరీషకి రోడ్డు మీద పడ్డ మనిషి కనబడ్డాడు. అతని తల పక్కనే కారు చక్రం ఉంది. అప్పుడు వేయని భయం ఇప్పుడు వేసింది. మంచం మీద లేచి కూర్చుని, భయం తగ్గేవరకూ గోడకి ఆనుకుంది.

మర్నాడు వినోద్ వచ్చాడు. సంగతి విని, "అమ్మేద్దాం వదినా, తుక్కు కింద ఎవరో ఒకరు తీసుకుంటారు. డాష్‌బోర్డు అట్లా కరిగిందంటే ఇక అది పనికిరాదు," అన్నాడు. మంచికే చెప్పాడు. శిరీష ఆలోచించి, "అత్తయ్యగారి రెండో కన్ను ఉంది కదా," అంది. "అప్పటిదాకా ఉండనీ. ఆ తర్వాత కూడా అమ్మను." రెండో మాట తనే ఎందుకందో ఆమెకి తెలియదు. అయితే వినోద్ మైలవరంలో సీటు కవర్లు కుట్టే పాండురంగారావు దగ్గరికి తీసుకెళ్ళమని, డాష్‌బోర్డులు కూడా చేస్తాడని చెప్పాడు.

తర్వాతి వారం పరీక్షకి వెళ్ళినప్పుడు డాక్టరు కన్ను చూసి, కుదుపుకి ఏమీ కాలేదన్నాడు. అట్నుంచి అటే ఇద్దరూ మైలవరం వెళ్ళారు.

పాండురంగారావు దుప్పటి ఎత్తి చూశాడు. గోటితో కొంచెం గీకి, వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"ఏమేం రాశారమ్మా దీనికి?"

శిరీష చెప్పింది. సబ్బు, పౌడరు, నిమ్మకాయ, పెట్రోలు.

"బయట పట్టిన బంక అయితే పోతుంది. ఇది బయటిది కాదండీ. ఆ ప్లాస్టిక్కే మెత్తబడిపోయింది. ఏళ్ళ తరబడి ఎండలో ఉంటే లోపలి నూనె పైకొస్తుంది. ఎంత తుడిస్తే అంత వస్తుంది."

"ఇక తగ్గదా?"

"తగ్గదు. గీకగలిగినంత గీకి, పైన గట్టిపడే పూత వేసి, గుడ్డ తొడగాలి. లోపల అది అట్లాగే ఉంటుంది. మీకు అంటదు, అద్దంలో కొట్టదు."

"చేయండి," అంది శిరీష.

అతను గుడ్డల ముక్కలు తెచ్చి చూపించాడు. గోధుమరంగు రెక్సిన్, చెక్క గీతలున్నది, నల్లనిది, దారంతో కుట్టు డిజైన్లున్నవి. కొత్తగా పెళ్ళైనవాళ్ళు ఇది తీసుకుంటున్నారండీ అని ఒకటి ముందుకి జరిపాడు. శిరీష ప్రతిదాన్నీ ఎండలోకి తీసుకెళ్ళి పట్టుకు చూసింది. ఏమాత్రం మెరవనిది ఒకటి దొరికింది, బొగ్గురంగు, చేతికి గరుగ్గా తగులుతోంది.

"ఇది."

"అది అంత అందంగా ఉండదమ్మా."

"పరవాలేదండీ."

అతను పనిలో దిగాడు. డాష్‌బోర్డు ఊడదీసి బయట బల్ల మీద పెట్టాడు. వెలుతురులో చేతుల అచ్చులు స్పష్టంగా కనబడ్డాయి.

"ఎవరివండీ ఇవి?"

"నావే," అంది బసవమ్మ.

అతను బ్లేడు పెట్టి గీకడం మొదలుపెట్టాడు. మెత్తని పొర చుట్టలు చుట్టలుగా లేచి కింద పడుతోంది. సాయంత్రమవుతుంది, ఎక్కడైనా కూర్చోండి అన్నాడు. రోడ్డవతల టిఫిన్ల హోటలు ఉంది. ఇద్దరూ ఫ్యాను కింద బల్ల దగ్గర కూర్చున్నారు. ఏం కావాలని అడిగితే బసవమ్మ ఇడ్లీ చాలంది. శిరీష పక్కబల్ల మీదికి వచ్చిన పెసరట్టు వైపు చూసింది. అల్లం, జీలకర్ర కాలిన వాసన వచ్చింది. ఆమెకి నోట్లో నీళ్ళు ఊరాయి. వాంతి వస్తుందేమో అనుకుంది. కాదు. ఆకలి.

ఒక పెసరట్టు తిని, ఇంకోటి తెప్పించుకుంది. పచ్చడి కారంగా ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముక్కు తుడుచుకుని మళ్ళీ పచ్చడి అడిగింది. బసవమ్మ తన ఇడ్లీలో సగం ఆమె ప్లేటులో పెట్టింది. శిరీష వద్దనలేదు, అదీ తినేసింది.

"చిక్కిపోయావు," అంది బసవమ్మ. ఆపరేషనైన కన్నుతో ఆమెనే చూస్తోంది. "ఇన్నాళ్ళూ నాకు కనబడలేదు."

సాయంత్రం కారు తయారైంది. బొగ్గురంగు గుడ్డ కొంచెం ముడతలుగా, కుట్లు బయటికి కనబడుతూ, పాత కారుకి కొత్తగా అతుకు వేసినట్టే ఉంది. శిరీష అరచెయ్యి ఆనించి తీసింది. ఏమీ అంటలేదు. ఎండ వాలుతున్నా అద్దంలో ఏమీ కొట్టడం లేదు. రోడ్డు ఉన్నదున్నట్టు కనబడింది.

నూజివీడు దాటాక బసవమ్మ మొదలుపెట్టింది.

"ముందు ట్రాక్టరుంది."

"చూశానండీ."

"హారను కొట్టు. వాడికి తెలియదు."

"కొడతానండీ."

"ఎడంపక్కకి ఎక్కువ పోతున్నావు."

"అత్తయ్యగారూ, నన్ను నడపనివ్వండి," అంది శిరీష గట్టిగా.

శిరీషకి ముఖం వేడెక్కింది. అత్తగారి మీద గొంతు లేపడం ఈ జన్మలో అదే మొదలు. తనకి కోపం వచ్చిందని ఆమెకి అర్థమవడానికి ఒక కిలోమీటరు పట్టింది. ఇంకో కిలోమీటరుకి అది చల్లారింది కూడా. ట్రాక్టరు దాటేసింది. దాని మీద కూర్చున్న కూలీలు కిందికి చూశారు.

"రేపు కోతకి ఎంతమంది వస్తున్నారు?" అని అడిగింది బసవమ్మ, కిటికీ బయటికి చూస్తూ.

"పదిమంది దాకా రావచ్చు. పోతురాజుని అడగాలి."

"పప్పు ఎక్కువ పెట్టు. ఆ దెబ్బకాయలు ఇంకా కొన్ని మిగిలాయిగా, అవి అందులో వేసి వండు. పాడైపోతాయి."

"మీరే వండకూడదూ? నాకు పులుపు సరిగ్గా కుదరదు."

"పొయ్యి దగ్గర నిలబడొద్దన్నాడు డాక్టరు."

"నేను నిలబడతాను. మీరు పక్కన కూర్చుని చెప్పండి."

బసవమ్మ సరేనంది. నల్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. కోతల కాలం కదా, రోడ్డుకి రెండు పక్కలా తోటల్లో కాయ కోసే చిక్కాలు పట్టుకున్న మనుషులు ఇంకా కదులుతున్నారు. శిరీష గేరు మార్చి నెమ్మదిగా ఇంటి దారి పట్టింది.